ఏడు గేట్లు, మూడు లెక్కలు: తెలంగాణ టోల్ దారుల కథ

గోదావరిఖనిలో బయలుదేరి విజయవాడ చేరే కారు దారిలో ఏడు చోట్ల టోల్ కడుతుంది. రాజీవ్ రహదారి మీద బసంత్‌నగర్, రేణికుంట, దుద్దెడ గేట్లు దాటుతుంది. శామీర్‌పేట దగ్గర హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు ఎక్కి పెద్ద అంబర్‌పేట దగ్గర దిగుతుంది. ఆపైన 65వ నంబరు జాతీయ రహదారిపై పంతంగి, కొర్లపహాడ్ దాటి, రాష్ట్రం సరిహద్దు అవతల చిల్లకల్లు గేటులోంచి సాగిపోతుంది. అన్నిచోట్లా పనిచేసేది అద్దానికి అంటించిన ఒకే ఫాస్టాగ్, ఫోనుకు వచ్చేది ఒకే తీరు సందేశం. కనుక కట్టిందంతా ఒకే ఖాతాకు, ఒకే నిబంధన ప్రకారం పోతోందని అనుకోవడం సహజం.

నిజానికి ఆ ఏడు చెల్లింపులూ మూడు వేర్వేరు ఏర్పాట్లకు చెందినవి. 2025 ఆగస్టు 15న కేంద్రం 3,000 రూపాయల వార్షిక పాస్ తెచ్చినప్పుడు ఈ తేడా ఒక్కసారిగా బయటపడింది. పాస్ ఉన్న కారుకు పంతంగిలో డబ్బు కోతపడదు, దుద్దెడలో మాత్రం మామూలుగానే పడుతుంది. ఇదేదో సాంకేతిక లోపమని చాలామంది అనుకున్నారు. లోపమేమీ లేదు, ఆ రెండు రోడ్ల యజమానులు వేరు, అంతే. టోల్ న్యాయమా, దోపిడీయా అన్న వాదనలోకి దిగేముందు అది ఎవరి రోడ్డు, ఏ ఒప్పందం కింద కట్టారు, వసూలైన డబ్బు ఎక్కడికి చేరుతుంది అన్న మూడు ప్రశ్నలకు జవాబు తెలియాలి. అవి తెలియకుండా చేసే వాదన ఎటు తిరిగినా గాలిలో కత్తి తిప్పడమే అవుతుంది.

పన్ను వేరు, రుసుము వేరు

బండి కొన్నప్పుడు కట్టే జీవితకాల పన్ను రాష్ట్ర ఖజానాకు చేరుతుంది. పెట్రోలు, డీజిలు ధరలో కలిసి ఉండే రహదారి సెస్సు కేంద్రానికి చేరుతుంది. 2000 నాటి కేంద్ర రహదారి నిధి చట్టం దీనికి ఆధారం, 2018 నుంచి ఆ నిధిని రోడ్లతోపాటు ఇతర మౌలిక వసతులకూ వాడే వీలు కల్పించారు. మూడోది టోల్. మొదటి రెండూ పన్నులు, అంటే ప్రభుత్వం వాటిని ఫలానా సేవకు బదులుగా తీసుకోదు, ఫలానా రోడ్డుకే ఖర్చు పెట్టాలన్న కట్టుబాటూ లేదు. టోల్ మాత్రం చట్టం దృష్టిలో రుసుము, అంటే ఒక నిర్దిష్ట సౌకర్యం వాడుకున్నవారు దానికి చెల్లించే ప్రతిఫలం. పన్నుకు, రుసుముకు ఉన్న ఈ తేడాను సుప్రీంకోర్టు 1954లో శిరూరు మఠం కేసులోనే విడమరచి చెప్పింది.

'రోడ్డు ట్యాక్స్ కట్టాం కదా, మళ్లీ టోల్ ఎందుకు?' అన్న ప్రశ్న ప్రతి గేటు దగ్గరా వినిపించేదే. చట్టపరంగా దీనికి జవాబు తేలిక: ఆ పన్ను పుచ్చుకున్నది రాష్ట్రం, జాతీయ రహదారి వేసింది కేంద్రం. కట్టేవాడికి మాత్రం జేబు ఒక్కటే. పైగా కారు లేనివారు కూడా టోల్ కడుతున్నారు. ఆర్టీసీ టికెట్టులో టోల్ సెస్ పేరుతో కొన్ని రూపాయలు కలిసి ఉంటాయి. లారీ కట్టిన టోల్ బియ్యం ధరలోకీ సిమెంటు ధరలోకీ ఎక్కుతుంది. వాడుకున్నవాడే కట్టాలన్న సూత్రం వినడానికి సూటిగా ఉన్నా, నిజంగా వాడుకున్నది ఎవరన్నది అంత సూటి విషయం కాదు.

వర్తని నుంచి నాకా దాకా

దారికి డబ్బు తీసుకోవడం కొత్తేమీ కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రం సరిహద్దు అధికారి అయిన అంతపాలుడు సరుకు బండికి ఒకటింబావు పణం (ఆనాటి నాణెం) చొప్పున 'వర్తని' అనే దారి రుసుము తీసుకోవాలని చెబుతుంది. పశువులకు తక్కువ, భుజాన మోసే మోపుకు ఇంకా తక్కువ. అంటే బరువును బట్టి రేటు మార్చడం అప్పటికే ఉంది. దానికంటే గమనించదగ్గది ఆ వెంటనే వచ్చే నియమం: దారిలో సరుకు పోయినా, దొంగల పాలైనా అంతపాలుడే ఆ నష్టం పూడ్చాలి. పుచ్చుకున్న డబ్బుకు బదులుగా అందించాల్సిన సేవను అంత స్పష్టంగా రాశారు. ఇవాళ కోర్టుల ముందు నలుగుతున్న వివాదమూ అదే.

మధ్యయుగపు తెలుగు నేలమీద వినిపించే 'సుంకం' వేరే సంగతి. కాకతి గణపతిదేవుడు 1244లో వేయించిన మోటుపల్లి అభయ శాసనం విదేశీ వర్తకుల సరుకుపై వేసే సుంకాల గురించి చెబుతుంది. అది సరుకుపై పన్ను, దారిపై రుసుము కాదు. నిజాం రాజ్యంలో కరోడ్‌గిరి శాఖ నాకాల దగ్గర వసూలు చేసినదీ సరుకు మీద సుంకమే. అడ్డుకర్ర చూడగానే అన్నిటినీ ఒకటిగా లెక్కించే అలవాటు మనకు అక్కడి నుంచే వచ్చిందేమో. బ్రిటిష్ పాలనలో వచ్చిన 1851 నాటి భారత టోల్స్ చట్టం మాత్రం నేటి టోల్‌కు నేరుగా పూర్వరూపం. ప్రభుత్వ ఖర్చుతో వేసిన లేదా మరమ్మతు చేసిన రోడ్లపై, వంతెనలపై రుసుము వసూలు చేసే అధికారాన్ని అది ఇచ్చింది.

స్వాతంత్ర్యం వచ్చాక చాలాకాలం రోడ్లు పన్నుల డబ్బుతోనే పడ్డాయి. 1995లో జాతీయ రహదారుల చట్టాన్ని సవరించి, ప్రైవేటు సంస్థలు రోడ్డు వేసి రుసుము వసూలు చేసుకునే ఒప్పందాలకు దారి తెరిచారు. 1990ల చివర మొదలైన జాతీయ రహదారుల అభివృద్ధి కార్యక్రమం మన ప్రాంతాన్ని రెండు వైపుల నుంచి తాకింది. చెన్నై–కోల్‌కతా దారి కోస్తా గుండా, ఉత్తర–దక్షిణ కారిడార్ హైదరాబాద్ గుండా నాలుగు వరుసలుగా మారాయి. పెద్ద టోల్ గేట్లు మన కళ్లకు అలవాటైంది ఆ తర్వాతే. రాష్ట్ర రోడ్ల కోసం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1998లో రహదారుల అభివృద్ధి సంస్థను చట్టం ద్వారా ఏర్పాటు చేసుకుంది.

ఎవరి రోడ్డు?

రాజ్యాంగం ఏడో షెడ్యూలులో జాతీయ రహదారులు కేంద్ర జాబితాలో ఉన్నాయి. మిగతా రోడ్లు రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. 'టోల్స్' అన్న పద్దు కూడా రాష్ట్ర జాబితాలోనే, 59వ అంశంగా ఉంది. జాతీయ రహదారి మీద కేంద్రం తీసుకునేది 1956 నాటి జాతీయ రహదారుల చట్టం కింద 'రుసుము'. మాటల్లో తేడా చిన్నదిగా కనిపించినా, రేటు నిర్ణయించే అధికారం, మినహాయింపు ఇచ్చే అధికారం ఎవరివో తేల్చేది అదే. సంక్రాంతికి పంతంగిలో బారులు తీరినప్పుడు టోల్ ఎత్తివేయమని రాష్ట్ర మంత్రులు ఢిల్లీకి లేఖలు రాయవలసి రావడం ఇందుకే. ఆ గేటు ఎత్తే అధికారం వారి చేతిలో లేదు.

మన ఏడు గేట్లను ఈ కొలతతో చూస్తే చిత్రం స్పష్టమవుతుంది. మొదటి మూడూ రాష్ట్ర రహదారివి. హైదరాబాద్ నుంచి కరీంనగర్ మీదుగా రామగుండం వెళ్లే రాజీవ్ రహదారిని ఉమ్మడి రాష్ట్రం ఉన్నప్పుడే ప్రైవేటు సంస్థకు ఒప్పందం కింద ఇచ్చి నాలుగు వరుసలు చేయించారు. నాలుగోది ఔటర్. 158 కిలోమీటర్ల పొడవు, ఎనిమిది వరుసలు ఉన్న ఈ రోడ్డు రాష్ట్ర ప్రభుత్వ సంస్థల ఆస్తి. 2008లో గచ్చిబౌలి–శంషాబాద్ భాగంతో మొదలై, కండ్లకోయ కూడలితో 2018లో పూర్తయింది. చివరి మూడు గేట్లే కేంద్రానివి. వార్షిక పాస్ జాతీయ రహదారులకూ జాతీయ ఎక్స్‌ప్రెస్‌వేలకూ మాత్రమే వర్తిస్తుంది కనుక, ఏడింట అది చెల్లేది మూడుచోట్లే.

గేటు ఒకటే, డబ్బు చేరే చోట్లు వేరు

రోడ్డుకు పెట్టుబడి ఎవరు పెట్టారు, వాహనాలు తగ్గితే నష్టం ఎవరిది అన్న రెండింటిని బట్టి ఒప్పందాల పేర్లు మారతాయి. బీఓటీ పద్ధతిలో కంపెనీ తన డబ్బు, బ్యాంకు అప్పు పెట్టి రోడ్డు వేస్తుంది, నిర్ణీత కాలం టోల్ తీసుకుంటుంది, ఆ తర్వాత రోడ్డును అప్పగిస్తుంది. వాహనాలు అనుకున్నంత రాకపోతే ఆ దెబ్బ కంపెనీకే. యాన్యుటీ పద్ధతిలోనూ కంపెనీయే రోడ్డు వేస్తుంది గానీ టోల్‌తో దానికి సంబంధం ఉండదు. ఆరు నెలలకోసారి ప్రభుత్వ సంస్థ నుంచి నిర్ణీత మొత్తం అందుతుంది. 2016 నుంచి ఎక్కువగా వాడుతున్న హ్యామ్ పద్ధతి ఈ రెండింటి మధ్యస్థం: ఖర్చులో 40 శాతం నిర్మాణం జరుగుతుండగానే ప్రభుత్వం ఇస్తుంది, మిగతా 60 శాతాన్ని తర్వాత వాయిదాల్లో చెల్లిస్తుంది. సూర్యాపేట–ఖమ్మం రోడ్డు అలా వేసినదే.

తెలంగాణలో దీనికి చక్కని ఉదాహరణ 44వ నంబరు జాతీయ రహదారి. హైదరాబాద్‌కు ఉత్తరాన గుండ్లపోచంపల్లి నుంచి అడ్లూరు ఎల్లారెడ్డి దాకా ఉన్న భాగాన్ని యాన్యుటీ పద్ధతిలో కట్టారు. దక్షిణాన ఫరూఖ్‌నగర్ నుంచి జడ్చర్ల దాకా ఉన్న భాగం బీఓటీ టోల్. ఒకే రహదారి, ఒకే నంబరు, ఒకే రకం గేటు. ఉత్తరాన కట్టిన రూపాయి ప్రభుత్వ ఖాతాకు పోతే, దక్షిణాన కట్టింది ఒప్పందదారు ఖాతాకు పోయింది. 'కంపెనీలు దోచుకుంటున్నాయి' అన్న మాట ఒకచోట చర్చకు నిలిచేదే కావచ్చు, ఇంకోచోట దానికి అర్థమే లేదు.

బీఓటీలో నష్టభయం ఊహామాత్రం కాదని చెప్పేది హైదరాబాద్–విజయవాడ దారి. 181 కిలోమీటర్ల ఈ భాగాన్ని నాలుగు వరుసలు చేసి టోల్ వసూలు చేసుకున్న జీఎంఆర్ సంస్థ, రాష్ట్ర విభజన వల్లా ఇసుక రవాణాపై వచ్చిన ఆంక్షల వల్లా లారీలు తగ్గి నష్టపోయామంటూ జాతీయ రహదారుల సంస్థతో ఏళ్ల తరబడి వివాదం నడిపింది. చివరికి 2024 జూలై నుంచి వసూలు బాధ్యత ప్రభుత్వ సంస్థ చేతికి వచ్చింది. తర్వాతి ఏడాది ఏప్రిల్ 1న దేశమంతా టోల్ పెరిగితే, ఈ దారిలో మాత్రం తగ్గింది. రేటు రోడ్డును బట్టే కాదు, ఒప్పందాన్ని బట్టి కూడా ఉంటుందని ఇంతకంటే సూటిగా చెప్పే ఉదాహరణ దొరకదు.

అరవై కిలోమీటర్ల లెక్క

జాతీయ రహదారులపై రేటును 2008 డిసెంబరు నాటి రుసుము నిబంధనలు నిర్ణయిస్తాయి. 2007–08ని ఆధార సంవత్సరంగా తీసుకుని, నాలుగు వరుసల రోడ్డుపై కారుకు కిలోమీటరుకు 65 పైసలు, చిన్న సరుకు వాహనానికి 1.05 రూపాయలు, బస్సుకూ రెండు ఇరుసుల లారీకీ 2.20 రూపాయలు అని పెట్టారు. ఏటా ఏప్రిల్ 1న రెండు పెరుగుదలలు కలుస్తాయి. మొదటిది మూల రేటుపై 3 శాతం. ఇది చక్రవడ్డీలా కాక సాదా వడ్డీలా పెరుగుతుంది. రెండోది టోకు ధరల సూచీలో వచ్చిన పెరుగుదలలో 40 శాతం.

అరవై కిలోమీటర్ల పరిధి ఉన్న గేటును ఊహించి 2025–26కు లెక్క వేద్దాం. పద్దెనిమిదేళ్లకు ఏటా 3 శాతం చొప్పున 54 శాతం. 65 పైసలు ఒక రూపాయి అవుతుంది. ఈ కాలంలో టోకు ధరల సూచీ రెట్టింపు అయిందని లెక్క సౌకర్యం కోసం అనుకుంటే, నూరు శాతం పెరుగుదలలో 40 శాతం కలపాలి; రూపాయి కాస్తా 1.40 అవుతుంది. అరవైతో గుణిస్తే 84 రూపాయలు, దగ్గరి ఐదుకు సవరిస్తే 85. అదే లెక్కలో లారీకి 285 వస్తుంది. ఇరవై నాలుగు గంటల్లో తిరిగివస్తే రెండు వైపులకూ కలిపి ఒకటిన్నర రెట్లు, అంటే 125. నెలకు యాభై ప్రయాణాల పాస్ మూడింట రెండొంతుల రేటుకు వస్తుంది కనుక సుమారు 2,800. సంక్రాంతికి ఊరెళ్లినవారు మర్నాడే తిరిగిరారు కాబట్టి రాయితీ అసలు రద్దీ వేళ ఎవరికీ దక్కదన్నది వేరే మాట.

కారు, లారీల మధ్య నిష్పత్తి కూడా ఆలోచించదగ్గది. లారీ రేటు కారు రేటుకు మూడున్నర రెట్లకు లోపే. 1950ల చివర అమెరికాలో జరిగిన రోడ్డు పరీక్షల నుంచి ఇంజినీర్లు వాడుతున్న సూత్రం ప్రకారం ఇరుసు బరువు రెట్టింపయితే రోడ్డుకు జరిగే నష్టం పదహారు రెట్లవుతుంది. ఆ లెక్కన రోడ్డు పాడుచేసేది దాదాపుగా బరువు వాహనాలే. అయితే రోడ్డు ఖర్చంతా అరుగుదల కాదు. భూసేకరణ, వరుసల సంఖ్య, వంతెనలు వాహనాల సంఖ్యను బట్టి పెరుగుతాయి, వాహనాల్లో ఎక్కువ భాగం కార్లే. లారీకి ఇంకా వేస్తే నిత్యావసరాల ధర పెరుగుతుందనే వాదన ఉండనే ఉంది. ఈ రేటు ఇంజినీరింగ్‌కూ రాజకీయానికీ మధ్య కుదిరిన రాజీ అని నాకనిపిస్తుంది.

ఇక గేట్ల మధ్య దూరం. ఒకే రహదారిపై ఒకే దిశలో రెండు గేట్ల మధ్య 60 కిలోమీటర్లు ఉండాలని, పట్టణ పరిధికి పది కిలోమీటర్ల లోపు గేటు ఉండకూడదని నిబంధనలు చెబుతాయి, కారణాలు రాసి మినహాయించుకునే వీలూ ఇస్తాయి. గేటు ఒకేచోట ఉండే ఈ 'తెరిచిన' పద్ధతిలో ఒక చిక్కుంది. చౌటుప్పల్ చుట్టుపక్కల పదిహేను కిలోమీటర్లు తిరిగేవాడి దారిలో పంతంగి గేటు పడితే మొత్తం అరవై కిలోమీటర్ల డబ్బు కడతాడు. రెండు గేట్ల మధ్య యాభై కిలోమీటర్లు తిరిగేవాడు పైసా కట్టడు. గేటుకు ఇరవై కిలోమీటర్ల లోపు ఉండేవారి సొంత వాహనాలకు చవక నెలవారీ పాస్ ఇచ్చేది ఈ అన్యాయాన్ని కొంతైనా సర్దడానికే. ఔటర్ 'మూసిన' పద్ధతి: ఎక్కిన చోటు, దిగిన చోటు రెండూ నమోదై, తిరిగిన దూరానికే కోతపడుతుంది. 2025 ఏప్రిల్‌లో అక్కడ కారుకు కిలోమీటరుకు 2.44 రూపాయలుగా పెట్టారు. జాతీయ రహదారితో పోలిస్తే ఎక్కువే; వరుసలూ ఎక్కువే, రేటు నోటిఫికేషనూ వేరే.

వంతెనకు పది రెట్లు: సగం తగ్గిందన్న వార్త ఎంతవరకు నిజం

2025 జూలైలో 'టోల్ సగానికి తగ్గింపు' అన్న శీర్షికలు వచ్చాయి. మార్చింది ఒక్క నియమమే. వంతెనలు, సొరంగాలు, ఎత్తైన మార్గాలు ఖరీదైనవి కనుక, అలాంటి ఒక కిలోమీటరును పది కిలోమీటర్లుగా లెక్కించేవారు. సవరణ తర్వాత రెండు అంకెలు వేసి చిన్నదాన్ని తీసుకుంటారు: వంతెనల పొడవుకు పది రెట్లు, మిగతా రోడ్డు పొడవు కలిపినది ఒకటి, మొత్తం పొడవుకు ఐదు రెట్లు రెండోది.

నలభై కిలోమీటర్లూ వంతెనే అయితే పాత లెక్కలో 400, కొత్త లెక్కలో 200. నిజంగానే సగం. కానీ అరవై కిలోమీటర్లలో ఐదు కిలోమీటర్ల వంతెనలున్న మామూలు రోడ్డు తీసుకోండి. పాత లెక్కన 55కు 50 కలిపి 105. ఐదు రెట్ల లెక్కన 300. చిన్నది 105 కనుక ఒక్క పైసా తగ్గదు. లెక్క తేల్చి చూస్తే, మొత్తం పొడవులో తొమ్మిదింట నాలుగు వంతులకు, అంటే సుమారు 44 శాతానికి పైగా వంతెనలూ సొరంగాలూ ఉన్న చోటే ఈ సవరణ పనిచేస్తుంది. నగరాల పక్కన స్తంభాల మీద వేసే మార్గాలకు ఉపశమనమే. పొలాల మధ్య సాగే మన దారులకు ఆ శీర్షికతో పనిలేదు.

ఔటర్ లీజు: 7,380 కోట్లు ఎక్కువా, తక్కువా?

టీఓటీ అంటే ఇప్పటికే కట్టిన రోడ్డుపై టోల్ వసూలు హక్కును ఏకమొత్తానికి ముందుగానే అమ్ముకోవడం; తీసుకున్న సంస్థ నిర్వహణ చూసుకుని, గడువు తీరాక తిరిగి అప్పగిస్తుంది. జాతీయ రహదారుల్లో ఈ పద్ధతి మొదటి విడతగా 2018లో ఆంధ్రప్రదేశ్, గుజరాత్‌లలోని తొమ్మిది భాగాలను 9,681 కోట్లకు మెక్వారీ సంస్థకు ఇచ్చారు. 2023లో తెలంగాణ ప్రభుత్వం ఔటర్‌ను ముప్పై ఏళ్లకు 7,380 కోట్లకు ఐఆర్‌బీ సంస్థకు ఇచ్చింది. అత్యంత చౌకగా కట్టబెట్టారని అప్పటి ప్రతిపక్షం ఆరోపించింది. అది అధికారంలోకి వచ్చాక 2024 డిసెంబరులో శాసనసభలో దర్యాప్తు ప్రకటించింది. టెండరులో వచ్చిన గరిష్ఠ ధరకే ఇచ్చామని, చేతికొచ్చిన డబ్బును మరో పనికి వాడుకోవచ్చని అప్పటి ప్రభుత్వ పక్షం వాదన.

బయట వినిపించే లెక్క ఇలా ఉంటుంది: 7,380ని ముప్పైతో భాగిస్తే ఏడాదికి 246 కోట్లు, అంతకంటే ఎక్కువ వస్తుంది కదా అని. ఇది తప్పు లెక్క. ముప్పై ఏళ్ల తర్వాత వచ్చే రూపాయి, ఇవాళ చేతిలో పడే రూపాయి ఒకటి కావు. ఏటా సమానంగా ఆదాయం వస్తుందనుకుని, డబ్బు విలువను 8 శాతం వడ్డీతో కడితే, ఈ 7,380 కోట్లు ఏడాదికి దాదాపు 655 కోట్లకు సమానం. 10 శాతంతో కడితే 783 కోట్లకు. కానీ ఆదాయం సమానంగా ఉండదు, నగరంతోపాటు పెరుగుతుంది. ఏటా 5 శాతం పెరుగుతుందనుకుంటే, 10 శాతం వడ్డీకి మొదటి ఏడాది నిర్వహణ ఖర్చులు పోను 490 కోట్లు మిగిలితే చాలు, ధర సరిపోయినట్టే. పెరుగుదలను ఇంకొంచెం ఎక్కువగా ఊహిస్తే అదే ధర చౌకబేరంగా కనిపిస్తుంది.

అంటే ఈ వివాదంలో ఇరుపక్షాలూ తలపడుతున్నది 7,380 అనే అంకె మీద కాదు, వాహనాల పెరుగుదల మీద, వడ్డీ రేటు మీద. మూల అంచనాలు, కనీస ధర నిర్ణయించిన తీరు బహిరంగంగా ఉంటే ఎవరైనా కాగితం మీద తేల్చుకోగల విషయమిది. అవి చర్చలోకి రాకపోవడం వల్లే ఇది లెక్క స్థాయి దాటి ఆరోపణగా మారింది. ఇంకొక ప్రశ్న కూడా ఉంది: ముప్పై ఏళ్ల ఆదాయాన్ని ఇవాళే తీసుకుని ఖర్చు పెట్టే హక్కు ఐదేళ్లకు ఎన్నికైన ప్రభుత్వానికి ఎంతవరకు ఉంది? దీనికి లెక్కలో జవాబు లేదు.

వార్షిక పాస్ ఎవరికి గిట్టుబాటు

తెచ్చినప్పటి ధర ప్రకారం మూడు వేలకు రెండు వందల గేట్లు, లేదా ఏడాది, ఏది ముందైతే అది. సొంత అవసరానికి వాడే కారు, జీపు, వ్యాన్లకే. ఒక్కో గేటు దాటితే ఒక ప్రయాణం లెక్క కనుక, పూర్తిగా వాడితే గేటుకు పదిహేను రూపాయలే పడుతుంది. హైదరాబాద్ నుంచి విజయవాడకు పోయిరావడానికి ఆరు గేట్లు. గేటుకు సగటున వంద అనుకుంటే ముప్పై గేట్ల దగ్గర, అంటే ఐదుసార్లు పోయివచ్చేసరికి పాస్ డబ్బు తీరిపోతుంది. సంక్రాంతికీ దసరాకూ మాత్రమే కదిలే కుటుంబానికి పన్నెండు గేట్లే కాబట్టి దండగ. గోదావరిఖని నుంచి వెళ్లేవారికీ పాస్ కలిసివచ్చేది ఆ మూడు గేట్ల దగ్గరే. రాజీవ్ రహదారి మీదా ఔటర్ మీదా విడిగా కట్టాల్సిందే. ప్రైవేటు ఒప్పందదారులు పాస్ వల్ల కోల్పోయే ఆదాయాన్ని ప్రభుత్వం భర్తీ చేసే ఏర్పాటు ఉంది కనుక, కారు యజమాని ఆదాలో కొంత భాగం చివరికి ప్రజాధనం నుంచే వస్తుంది.

ఖర్చు తిరిగొచ్చాక కూడా ఎందుకు?

ఎక్కువ కోపం తెప్పించే ప్రశ్న ఇదే. 2008 నిబంధనల్లో మొదట ఒక వాగ్దానం ఉండేది: పెట్టుబడి రాబట్టుకున్నాక, లేదా ఒప్పంద కాలం ముగిశాక, రుసుము 40 శాతానికి తగ్గాలి. 2023 అక్టోబరులో నిబంధన సవరించి ఆ తగ్గింపును తీసేశారు. ప్రభుత్వ వాదన ఏమిటంటే, రోడ్డు ఒకసారి వేసి వదిలేసేది కాదు. నిర్వహణ, పైపూత, విస్తరణ నిరంతరం సాగుతాయి. పైగా ప్రభుత్వం వేసిన రోడ్లపై వచ్చే రుసుము కేంద్ర ఖజానా అయిన సంచిత నిధికి చేరి, అక్కడి నుంచి దేశంలోని ఇతర రోడ్లకు తిరిగి వెళుతుంది. రద్దీ దారి సంపాదన, వాహనాలు తక్కువగా తిరిగే దారికి ఆసరా అవుతుందన్నమాట.

ఎదుటి వాదన కూడా బలమైనదే. రుసుముకు పన్నుకు తేడా ఏమిటన్న మొదటి ప్రశ్నకు ఇది మనల్ని తిరిగి తీసుకొస్తుంది. పంతంగిలో కట్టిన డబ్బు ఎక్కడో వేరే రాష్ట్రంలో రోడ్డుకు ఖర్చవుతుంటే, దాన్ని ఈ రోడ్డు వాడుకున్నందుకు ఇచ్చిన ప్రతిఫలం అనడం కష్టం. ఆచరణలో అది పన్ను లక్షణాలు తెచ్చుకుంటోంది. అలాగని ప్రతి రోడ్డు ఖాతా విడిగా చూస్తే, ఆదిలాబాద్ వంటి జిల్లాల దారులకు ఎన్నటికీ పెట్టుబడి తిరిగిరాదు. పేద ప్రాంతాలకు రోడ్డు కావాలనుకునేవారు ఉమ్మడి ఖాతాను సులభంగా కాదనలేరు.

కోర్టులు ఈ చిక్కును రెండు వైపుల నుంచి తాకాయి. ఢిల్లీని నోయిడాతో కలిపే డీఎన్‌డీ మార్గం ఒప్పందంలో కంపెనీకి ఏటా 20 శాతం రాబడి హామీ ఇచ్చి, లోటు ఏర్పడితే దాన్ని మళ్లీ ప్రాజెక్టు ఖర్చుకే కలిపే సూత్రం పెట్టారు. ఆ లెక్కన ఖర్చు ఎన్నటికీ తీరదు, గేటు ఎన్నటికీ లేవదు. అలహాబాద్ హైకోర్టు 2016లో అక్కడి వసూలు ఆపించగా, 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. రెండోది సేవ గురించి. కేరళలోని పాలియెక్కర గేటు దగ్గర రోడ్డు దుస్థితి, గంటల తరబడి నిలిచిపోయే రద్దీ కారణంగా 2025 ఆగస్టులో అక్కడి హైకోర్టు వసూలును తాత్కాలికంగా ఆపింది. సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. అరవై అయిదు కిలోమీటర్లకు పన్నెండు గంటలు పడితే నూటయాభై రూపాయలు ఎందుకు కట్టాలని ధర్మాసనం ప్రశ్నించింది. అంతపాలుడి బాధ్యత గుర్తుకు రాకమానదు.

గేటు లేని టోల్

2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరి అయింది. ట్యాగ్ లేకపోతే రెట్టింపు కట్టాలన్న నియమాన్ని 2025 నవంబరు 15 నుంచి కొంచెం సడలించి, యూపీఐతో కడితే ఒకటింబావు రెట్లు, నగదుగా ఇస్తేనే రెట్టింపు అన్నారు. తర్వాతి అడుగు గేటునే తీసివేయడం: ఉపగ్రహ సంకేతాల ఆధారంగా తిరిగిన దూరానికే వసూలు చేసే పద్ధతికి 2024 సెప్టెంబరులో నిబంధనల్లో చోటిచ్చారు, ఆ పరికరం ఉన్న వాహనాలకు రోజుకు ఇరవై కిలోమీటర్ల దాకా రుసుము లేదని కూడా రాశారు. అయితే దేశమంతా అది 2025 మే 1న మొదలవుతుందన్న ప్రచారాన్ని మంత్రిత్వ శాఖే ఖండించింది. ప్రస్తుతానికి ఎంపిక చేసిన చోట్ల ఫాస్టాగ్‌తోపాటు నంబరు ప్లేటును కెమెరాతో చదివే ఏర్పాటు వైపు మొగ్గుతోంది.

దూరాన్ని బట్టి వసూలు వస్తే చౌటుప్పల్ పక్క ఊరివాడికి ఉన్న కష్టం తీరుతుంది. ఇన్నాళ్లూ రెండు గేట్ల మధ్య ఉచితంగా తిరుగుతున్నవారు మాత్రం మొదటిసారి కట్టవలసి వస్తుంది. వాహనం ఎప్పుడు ఎక్కడుందో నమోదు చేసే ఆ సమాచారాన్ని ఎవరు, ఎంతకాలం దాచుకోవచ్చన్నది కొత్తగా తేలాల్సిన విషయం. పరికరం ఏదైనా, బసంత్‌నగర్‌లో కట్టింది రాష్ట్ర రహదారి ఒప్పందం కిందకూ, శామీర్‌పేటలో ఎక్కి కట్టింది ఔటర్ లీజుదారుకూ, పంతంగిలో కట్టింది కేంద్ర ఖాతాకూ పోవడం మాత్రం మారదు.